చిగుళ్ళు వచ్చిన తుపాకీ

పళ్ళ డాక్టరు ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. పేషెంట్లు వచ్చేలోపు మామగారి పాత బోల్టు తుపాకీని కాస్త సరిచేయడం, చేతులు కడుక్కోవడం, కాఫీ తాగడం. అంతే.

"గురి కుదరడం లేదు అల్లుడుగారూ, విసుగొచ్చేసింది. ఆదివారం రైఫిల్ క్లబ్బులో కాల్చి చూడండి. పనికొస్తే మీరే ఉంచేసుకోండి" అన్నారు మామగారు ముందురోజు. పెళ్ళినాటి నుంచీ ఆ తుపాకీ మీద కన్నేసి ఉంచిన డాక్టరుకు ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

జబ్బు వెంటనే దొరికింది. గొట్టానికి చెక్క ఒక పక్కన ఒరుసుకుంటోంది. ఇంకొకరైతే తుపాకులు బాగుచేసే మనిషిని వెతుక్కునేవారు. ఈయన మాత్రం తుపాకీ ఖాళీయేనని రూఢి చేసుకుని, బోల్టు తీసి పక్కన పెట్టి, పంటి ఎత్తు చూసే నీలం కాగితాన్ని గొట్టానికీ చెక్కకూ మధ్య పెట్టి నొక్కాడు. మచ్చ పడ్డ చోట పళ్ళ డ్రిల్లుతో అరగదీశాడు. అప్పుడు రెండో పక్క తగిలింది. అదీ అరగదీశాడు. మళ్ళీ మొదటి పక్క. కట్టుడు పళ్ళను ఇలాగే సరిచేసీ సరిచేసీ పేషెంటుకు నమలడానికేమీ మిగల్చకపోవడం ఆయనకు అలవాటే. చివరికి గొట్టం చెక్కలో లొడలొడా ఊగింది.

తల పట్టుకున్నాడు. అంతలో అల్మారాలో డబ్బా కనిపించింది. కట్టుడు పళ్ళకు చిగుళ్ళు చేసే గులాబీ రంగు పొడి! ఇనుముకు అంటుకోకుండా వాజ్‌లైన్ దట్టంగా పూసి, పొడిని ముద్దగా కలపడానికి లోపలికి వెళ్ళాడు. ఈలోగా భార్య బల్ల సర్దడానికి వచ్చింది. జిడ్డు కనబడితే ఆవిడ చెయ్యి ఊరుకోదు. గొట్టాన్ని తళతళలాడేలా తుడిచి వెళ్ళిపోయింది. ముద్ద గట్టిపడిపోతుందన్న కంగారులో డాక్టరు అదేమీ చూడలేదు. చెక్కనిండా ముద్ద పెట్టి, గొట్టం కూర్చోబెట్టి, మరలు బిగించాడు.

కాసేపటికి మరలు వదిలాయి గానీ గొట్టం వదల్లేదు.

"వాజ్‌లైన్ పూశాను కదా, ఏమైందిది?"

"అదా? నేనే తుడిచేశానండీ. అంత జిడ్డు చేస్తే ఎలాగ?"

"నా కొంప ముంచావే! అటు గట్టిగా పట్టుకో. సుత్తి ఎక్కడ?"

"సుత్తా? పగిలితేనో?"

"పగిలితే ముక్కలు ఏరుకుందాం. ముందు ఇది ఊడి రావాలి!"

తెర అవతల బుగ్గ వాచిపోయి కూర్చున్న పేషెంటు ఈ మాటలన్నీ విన్నాడు. దెబ్బకు నొప్పి తగ్గిపోయింది. బయటికి పరుగెడుతూ, ఎదురొచ్చిన మామగారి చెయ్యి పట్టుకుని, "వెళ్ళకండి సార్, ఎవరికో పన్ను సుత్తితో పీకుతున్నాడు!" అని చెప్పి మరీ పోయాడు.

మామగారు హడలిపోయి లోపలికి వచ్చారు. కూతురి చేతిలో తుపాకీ గొట్టం కొస, అల్లుడి చేతిలో సుత్తి. ఆయన తన తుపాకీని వంగి చూశారు.

"దీనికి చిగుళ్ళెప్పుడొచ్చాయి అల్లుడుగారూ?"

డాక్టరు సుత్తిని వెనక్కి దాచుకున్నాడు. అల్లుడే కట్టిన మామగారి పై పళ్ళ సెట్టు జారింది. బొటనవేలితో పైకి నెట్టుకున్నారు.

"సరే, నా సెట్టు వదులైందని చెప్పాను కదా, ఇవాళ బిగిస్తారా?"

"పొడి అయిపోయింది మామయ్యగారూ."

"ఎందుకయిపోయింది?"

ముగ్గురూ తుపాకీ వైపే చూశారు.

గొట్టం ఇక ఊడనే లేదు; డాక్టరు మరలు మళ్ళీ బిగించి, బోల్టు పెట్టి, ఆదివారం తుపాకీని అలాగే క్లబ్బుకు తీసుకెళ్ళాడు. తుపాకీ పోతే పోయింది, మామగారి ముందు పరువు కూడా పోయేలా ఉంది. "ముందు నేను కాలుస్తాను, పోయే పరువేదో నాదే పోనివ్వండి" అంటూ మామగారు పడుకుని గురిపెట్టారు. పేలింది. మళ్ళీ పేలింది. దుర్బిణిలో చూస్తే గుళ్ళన్నీ నల్లచుక్క నడుమ ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి.

"కుదిరింది మామయ్యగారూ!" డాక్టరు ఆనందం పట్టలేక రెండు చేతులూ చాచాడు.

మామగారు గులాబీ చిగుళ్ళను ప్రేమగా నిమిరి, తుపాకీని సంచిలో పెట్టి జిప్పు లాగేశారు.

"పాడైపోయిందనుకుని ఇస్తానన్నాను. ఇంత బాగున్నదాన్ని ఎలా ఇస్తానండీ, మీరే చెప్పండి?" అంటుండగానే పై సెట్టు మళ్ళీ జారింది.

ఆ డాక్టరు పెట్టిన చిగుళ్ళు ఇంతవరకూ సరిగ్గా కుదిరింది ఆ తుపాకీ ఒక్కదానికే.