అటాచ్డ్ బాత్రూమ్‌లో అరగంట

పొగలమెట్ట అతిథి గృహంలో అటాచ్డ్ బాత్రూమ్ ఉన్న గది తీసుకుని లోపల గడియ పెట్టుకున్న మనిషిని అరగంటలోగా ఎవరూ తలుపు తట్టి పేరు పెట్టి పిలవకపోతే, ఆ మనిషి పొగమంచుగా మారి వెంటిలేటర్‌లోంచి లోయలోకి వెళ్ళిపోవడం మామూలే. ఇందులో దాపరికమేమీ లేదు. గది బుక్ చేసేటప్పుడే ఫోనులో చెబుతారు, రసీదు వెనకాల అచ్చు వేస్తారు, రిసెప్షన్ గోడ మీద అద్దాల చట్రంలో బిగించి మరీ పెట్టారు. జనం ఆ కొండకి ఎగబడి వచ్చేదే పొగమంచు చూడ్డానికి కాబట్టి, అది ఎక్కణ్ణుంచి వస్తోందని అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు.

కామన్ బాత్రూమ్‌తో ఈ పేచీ లేదు. అది వసారా చివర ఒక్కటే ఉంటుంది. లోపలికి వెళ్ళేవాళ్ళు తలుపు పక్కనున్న పలక మీద సుద్దముక్కతో పేరు రాసి వెళ్ళాలి. తువ్వాలు భుజాన వేసుకుని వరసలో నిలబడ్డవాడు, ఐదు నిమిషాలు దాటగానే ఆ పలక చూసి, "నరసింగరావుగారూ, ఇంకా ఎంతసేపండీ" అని తలుపు బాదేస్తాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా పేరు పెట్టి పిలుస్తుంటే మంచైపోయే ప్రశ్నే రాదు. అందుకని అనుభవం ఉన్నవాళ్ళు కామన్ బాత్రూమ్ గదులే తీసుకుంటారు.

హైమవతి మాత్రం అటాచ్డే కావాలంది. తణుకులో వాళ్ళింట్లో బాత్రూమ్ ఒక్కటే. పెళ్ళైన పంతొమ్మిదేళ్ళలో ఆవిడ అందులో ఐదు నిమిషాలు ప్రశాంతంగా ఉన్న రోజు లేదు. రెండో చెంబు పోసుకునేసరికి ఎవరో ఒకరు తలుపు తడతారు. పాలు పొంగుతున్నాయంటారు, మోటారు ఆపావా అంటారు, గ్యాసతను వచ్చాడంటారు. ఒంటి మీద సబ్బు ఉండగానే ఆవిడ లోపల్నుంచి ఇల్లు నడిపిస్తూ ఉంటుంది. అందుకే దసరా సెలవులకి ఎటైనా వెళ్దామని భర్త పట్టాభి అన్నప్పుడు, కొండలా సముద్రమా అన్న చర్చలోకి ఆవిడ దిగలేదు.

"ఎక్కడికైనా సరేనండీ. గదికి సొంత బాత్రూమ్ ఉండాలి. నేనొక్కదాన్నీ అరగంటసేపు స్నానం చెయ్యాలి," అంది.

ఆవిడ తనకంటూ ఒకటి కావాలని నోరు తెరిచి అడగడం అదే మొదలు. పట్టాభి కాదనలేకపోయాడు.

భర్త, అత్తగారు, పదో తరగతి చదువుతున్న కూతురు సుదీప్తి, తనూ. నలుగురూ మధ్యాహ్నం మూడింటికి కొండెక్కారు. రిసెప్షన్‌లో దాలినాయుడు అనే పెద్దాయన ఉన్నాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫారం ఏడు-బి తీసి బల్ల మీద పెట్టాడు.

"బాత్రూమ్ వాడేది అమ్మగారే కదా. ఆవిడ్ని పేరు పెట్టి పిలిచే మనిషి ఎవులు బాబూ?"

పట్టాభికి నవ్వొచ్చింది. "భలేవారే. పంతొమ్మిదేళ్ళ కాపురమండీ మాది. గంటకి పదిసార్లు పిలుస్తాను."

"ఏటని పిలుస్తారు?"

పట్టాభి అప్పటికే పెన్సిలుతో గుర్తులు పెట్టిన చోటల్లా సంతకాలు చేసుకుపోతున్నాడు. దాలినాయుడు వేలెత్తి గోడ వైపు చూపించాడు. చెల్లని పిలుపుల జాబితా అక్కడ వేలాడుతోంది. ఏమేవ్, ఇదిగో, ఏయ్, ఒసే, అమ్మా, అమ్మాయ్, వదినా, పిన్నీ, మేడమ్, టీచరుగారూ. బంగారం అన్న పిలుపు మొదట్లో చెల్లేదట. ఒకసారి ఒకాయన బంగారం అని పిలిస్తే రెండు వేరువేరు గదుల్లో మంచైపోయిన ఇద్దరు ఆడవాళ్ళు తిరిగొచ్చేసరికి ఆడిట్‌వాళ్ళు అభ్యంతరం పెట్టి దాన్ని కొట్టేశారు. ఆధార్ కార్డులో ఉన్న పేరే పిలవాలి. అది కూడా ఫారం మీద సంతకం పెట్టిన మనిషే పిలవాలి.

"పోయిన నెల పదకొండుమంది మంచైపోనారు బాబూ. పదిమంది ఆడోళ్ళు. ఒకాయన రిటైరైన హెడ్మాస్టరు. ఇంట్లోవోళ్ళు కూడా ఆయన్ని మాస్టారూ అనే పిలిచీవోరట. కామన్ బాత్రూమ్ గది ఒకటి కాళీగుంది, ఆలోచించుకోండి."

"అక్కర్లేదండీ," అంది హైమవతి. ఆ జాబితా ఆవిడ రెండుసార్లు చదివింది.

పట్టాభి చెడ్డవాడేం కాదు. చీటికీ మాటికీ విసుక్కునే రకం అసలే కాదు. జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాడు, జీతం తెచ్చి భార్య చేతిలోనే పెడతాడు. అయితే వాళ్ళింట్లో మగవాళ్ళు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. పెళ్ళినాడు గుమ్మంలో ఆడపడుచు చేతులు అడ్డం పెట్టి, పేర్లు చెబితేగానీ లోపలికి రానివ్వనంటే, "హైమవతితో కలిసి వచ్చాను" అని నేలచూపులు చూస్తూ గొణిగాడు. అందరూ గట్టిగా చెప్పమని అల్లరిపెట్టారు. అంతే, మళ్ళీ ఆ పేరు ఆయన నోట రాలేదు. బయటివాళ్ళలోనైనా, ఆఖరుసారి ఆవిడని పేరు పెట్టి పిలిచింది రక్తపరీక్ష చేసే ల్యాబులో పిల్ల.

సరిగ్గా నాలుగింటికి హైమవతి లోపల గడియ పెట్టుకుంది.

బకెట్టులోకి వేడినీళ్ళు పడుతున్న చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. వెంటిలేటర్‌లోంచి సిల్వర్ ఓక్ చెట్లూ, వాటిని పట్టుకుని పైకి పాకిన మిరియాల తీగలూ కనిపిస్తున్నాయి. మొదటి చెంబు పోసుకుని అలవాటుకొద్దీ ఆగింది. ఎవరూ తట్టలేదు. రెండో చెంబు పోసుకుంది. మూడోది పోసుకుని పీట మీద కూర్చుని, తన మోకాళ్ళకేసి చాలాసేపు చూసుకుంది. చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డ మచ్చ ఇంకా అలాగే ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని చూడ్డానికి తీరికే కుదరలేదు. ఆవిడకి ఎంత హాయిగా ఉందంటే, కాస్త భయం కూడా వేసింది.

పన్నెండో నిమిషంలో తలుపు తట్టారు.

"ఇదిగో, నా ఛార్జర్ ఎక్కడ పెట్టావ్?"

"నల్లబ్యాగు పక్క జేబులోనండీ," అంది హైమవతి. అడుగుల చప్పుడు దూరమైంది.

పంతొమ్మిదో నిమిషంలో, "అమ్మా, వైఫై పాస్‌వర్డ్ ఏంటి?" అని సుదీప్తి అడిగింది. రసీదు మీద రాసుందని చెప్పింది. ఇరవైనాలుగో నిమిషంలో అత్తగారు, "అమ్మాయ్, నా మోకాళ్ళ మందు కనిపించట్లేదే," అంది. దిండు కింద చూడమంది.

ఇంకా ఆరు నిమిషాలుంది. గడియ తీసుకుని బయటికొచ్చేస్తే గొడవే లేదు, ఆ సంగతి ఆవిడకి తెలుసు. కానీ ఆవిడ కదల్లేదు. తలుపు అవతల ఉన్న ముగ్గురూ తనని ప్రేమించేవాళ్ళే. వాళ్ళలో ఒక్కరైనా తనకి ఫలానా పేరుందని గుర్తుపెట్టుకుని పిలుస్తారేమో వినాలని ఆవిడకి గట్టిగా అనిపించింది. ఇలా వినాలని ఉందని చెబితే ఇంట్లోవాళ్ళు నవ్వుతారు. అందుకని ఎవరికీ చెప్పకుండా పీట మీదే కూర్చుంది.

ఇరవైఎనిమిదో నిమిషంలో గోళ్ళు తెల్లబడ్డాయి. ఆ తర్వాత మోచేతులు, భుజాలు. నొప్పేం లేదు. కాఫీ గ్లాసు మీంచి ఆవిరి లేచినంత తేలిగ్గా ఆవిడ పీట మీంచి లేచింది. గాజులూ మెట్టెలూ మాత్రం టంగుమని బండ మీద పడ్డాయి. వెంటిలేటర్ దాటి సిల్వర్ ఓక్ కొమ్మల్లో చిక్కుకుని ఆగింది. అప్పటికే అక్కడ చాలామంది ఉన్నారు. ఎవరూ తోసుకోవడం లేదు.

నాలుగూ ముప్పావుకి దాలినాయుడు మారుతాళంతో తలుపు తీసి, గాజులూ మెట్టెలూ ఒక కవరులో వేసి పట్టాభి చేత సంతకం తీసుకున్నాడు.

"గాబరా పడకండి బాబూ. ఆరింటిదాకా గడువుంది. ఈ గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలిస్తే వచ్చీస్తారు. ఆరు దాటితే మాత్రం ఆ మంచు సర్కారు లెక్కలోకి పోతాది."

పట్టాభి గుమ్మంలో నిలబడ్డాడు. కామన్ బాత్రూమ్ వరసలో ఉన్న ఆరేడుగురు తువ్వాళ్ళతో సహా ఇటు తిరిగి చూస్తున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"పిలవరా. ఇక్కడ మనవాళ్ళెవరూ లేరుగా," అంది తల్లి మెల్లగా.

"నేను పిలుస్తా నాన్నా," అంది సుదీప్తి. సంతకం మీది కాదు కాబట్టి చెల్లదమ్మా అన్నాడు దాలినాయుడు. సుదీప్తి ఏడుపు ఆపుకుంటూ గోడకి ఆనుకుంది.

పట్టాభి గొంతు సవరించుకున్నాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. గడియారం ఐదున్నర దాటాక, "ఇదిగో," అన్నాడు.

కొమ్మల్లో ఉన్న హైమవతి ఉలిక్కిపడి, "వస్తున్నానండీ," అని వెంటిలేటర్ దాకా వచ్చేసింది. బాత్రూమ్ అద్దం మీద ఆవిరి పట్టింది. దాలినాయుడు దాన్ని చూసి, అడ్డంగా తలూపి, రిజిస్టరులో "చెల్లని పిలుపు, ఒకటి" అని రాసుకున్నాడు. ఆవిరి దానంతటదే ఆరిపోయింది, హైమవతి మళ్ళీ కొమ్మల్లోకి వెళ్ళిపోయింది.

"అలా కాదు బాబూ. కాలేజీలో పాఠాలు చెబుతారని ఫారంలో రాసినారు. అక్కడ హాజరు పిలుస్తారు కదా. అలాగే అనీయండి."

రోజూ పొద్దున్నే అరవైనాలుగు పేర్లు తడుముకోకుండా పిలిచే మనిషి పట్టాభి. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. వరసలో ఉన్నవాళ్ళని మర్చిపోయాడు, తల్లిని మర్చిపోయాడు, సిగ్గు మర్చిపోయాడు.

"హైమవతీ," అన్నాడు.

ఆ పిలుపు ఏ తప్పూ లేకుండా, ఆధార్ కార్డులో ఉన్నది ఉన్నట్టుగా, వెంటిలేటర్ దాటి చెట్లలోకి వెళ్ళింది. దాలినాయుడు పెన్ను ఎత్తి పట్టుకుని అద్దం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"హైమవతీ." ఈసారి ఇంకా గట్టిగా పిలిచాడు.

కొమ్మ మీద పక్కనే ఉన్న హెడ్మాస్టరు ఆ గొంతు విని ఇటు తిరిగాడు. "ఎవరినో పిలుస్తున్నారమ్మా. మీ వాళ్ళేమో చూడండి."

హైమవతి కాసేపు చెవి ఒగ్గి వింది. గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది.

"కాదండీ. మావాళ్ళైతే ఇదిగో అంటారు," అంది.

లోయ అంచున జనం అప్పటికే ఫోన్లు ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆరు కావస్తుంటే చెట్లలో ఉన్నవాళ్ళందరూ మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టారు. వెనకాల ఆ పిలుపు ఇంకా వినిపిస్తూనే ఉంది. ఆ హైమవతి ఎవరోగానీ, అంత ప్రేమగా పిలుస్తుంటే ఒక్కసారి పలికితే ఏం పోయిందో అనుకుంటూ ఆవిడ కూడా వాళ్ళతో దిగింది.