అయిపోయిందన్న గడి

శనివారం పొద్దున ఆ ఇంటి ఇల్లాలు వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం భర్త ఆఫీసువాళ్ళు భోజనానికి వస్తారు. ఈలోగా వంట దించేసి, ముఖం కడుక్కుని, అసలేమీ కష్టపడనట్టు తలుపు తీయాలి. అంతే.

భర్త పథకం మాత్రం పెద్దది. ఆయన జట్టు తయారుచేసిన సాఫ్ట్‌వేర్ సోమవారం కొన్నవాళ్ళ చేతికి వెళ్ళాలి. సవ్యంగా వెళ్తే కొత్త జట్టుకు ఆయనే పెద్ద. వెళ్ళకపోతే ఏమవుతుందో ఇంట్లో చెప్పలేదు గానీ, కొన్నాళ్ళుగా నిద్రలో పళ్ళు కొరుకుతున్నాడు.

వాళ్ళ ఆఫీసు పద్ధతి ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. పెద్ద పనిని ఒక్కసారే నెత్తికెత్తుకోకూడదు. ముక్కలు చేసుకోవాలి. ఒక ముక్క చేసి చూపించాలి, బాగాలేదంటే సరిదిద్దాలి, ఆ తర్వాతే ఇంకో ముక్క. "దాన్నే మేం ఉప్పు చూడటం అంటాంరా" అని అత్తగారు అన్నా ఆయన వినిపించుకోలేదు. ఫ్రిజ్ తలుపు మీద మూడు గళ్ళు గీశాడు: చేయాలి, చేస్తున్నాం, అయిపోయింది. పనికో రంగు చీటీ. పని కదిలినకొద్దీ చీటీ గడి మారాలి. చీటీ మీద ఒక్క మాటే ఉండాలి. "ఎక్కువ రాస్తే ఎవరూ చదవరు" అన్నాడు, అరగంట ఉపన్యాసం చివర.

ఆ లెక్కనే తండ్రిని కళ్ళ డాక్టరుకు చూపించే పనికి "నాన్న" అని రాశాడు. వచ్చే వారం తల్లికి పళ్ళ డాక్టరు కాబట్టి, చేయాల్సిన గళ్ళో "అమ్మ" అని పెట్టాడు.

నిన్న ఇల్లాలు మామగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి వచ్చి, "నాన్న" చీటీని బుద్ధిగా మూడో గళ్ళో అంటించింది. ఉప్పు డబ్బా అడుగంటింది. "ఉప్పు" అని రాసి దాన్నీ అక్కడే అంటించింది. సిలిండరు ఊపి చూస్తే దూదిలా తేలిపోయింది. "గ్యాస్" కూడా అక్కడికే. ఆవిడ దృష్టిలో అంతకన్నా సరైన గడి లేదు.

పొద్దున్నే నోట్లో బ్రష్‌తో వచ్చిన భర్త ఆ మూడో గడి చూసి మురిసిపోయాడు. చెప్పకుండానే అన్నీ తెప్పించేశారు! ఫొటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాడు. కింద ఇలా రాశాడు: "మా ఇంట్లో ఈ వారం అనుకున్నవన్నీ పూర్తి. అందరూ సహకరించారు. వచ్చే వారం మిగతావి."

అవతల ఆరు ఇళ్ళల్లో ఆరుగురు ఆ ఫొటో చూశారు. నాన్న, అయిపోయింది. మిగిలింది అమ్మ. పాపం, దుఃఖంలో మతి చలించిందనుకున్నారు.

వంటింట్లో బంగాళాదుంపల కూర సగంలో ఉండగా స్టవ్ ఆరిపోయింది.

"ఏవండీ, గ్యాస్ తెప్పించారా?"

"నేను తెప్పించడమేంటి? అయిపోయిందన్నావుగా!"

"అయిపోయింది కాబట్టే అయిపోయిందన్నాను!"

"అయిపోయిందంటే పని అయిపోయినట్టు!"

"గ్యాస్ అయిపోతే ఇంక పనేం అవుతుంది, నా మొహం!"

అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. ముందుగదిలో ఉన్న మామగారు తడుముకుంటూ వెళ్ళి తలుపు తీశారు. డాక్టరిచ్చిన చుక్కలు పొద్దున కూడా కంట్లో వేసుకోవడం వల్ల నల్లద్దాలు పెట్టుకున్నారు. ఎదుట మనుషులున్నారని మాత్రం తెలుస్తోంది. మేనేజరమ్మ తెల్లపూల గుత్తి ఆయన చేతిలో పెట్టింది.

"ఇలాంటప్పుడు ఏం మాట్లాడాలో తెలియడం లేదండీ."

"తొందరేం లేదమ్మా, తెలిసినప్పుడే మాట్లాడండి."

"అంతా అయిపోయిందట కదా. పొద్దున ఫొటో చూశాం. సోమవారం పని నుంచి ఆయన్ని తప్పించేశాం."

మామగారు పూలగుత్తితో సహా లోపలికి తిరిగి కేకేశారు. "అమ్మాయ్! ఆఫీసులో మనవాడి పని అయిపోయిందట! పూలిచ్చి మరీ పంపించేస్తున్నారు!"

భర్త గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది నాన్నా?"

ఆ "నాన్నా" వినగానే సాఫ్ట్‌వేర్ పరీక్షలు చేసే ఉద్యోగి ఒకాయన రెండడుగులు వెనక్కివేసి మేనేజరమ్మ కాలు తొక్కాడు.

"ఈయన... మీ నాన్నగారా?" అంది మేనేజరమ్మ. "అయిపోయారుగా?"

"ఎవరన్నారు?"

"మీరే! వచ్చే వారానికి అమ్మగారిని కూడా రాసిపెట్టారు!"

"నన్నెందుకురా?" అని లోపలి గదిలోంచి అత్తగారి గొంతు.

సంగతి తేలేసరికి అందరూ నవ్వారు, మేనేజరమ్మ తప్ప. "ఇంట్లో పోయారని చెప్పి, కొన్నవాళ్ళ దగ్గర రెండు వారాలు గడువు తీసుకున్నాను. ఇప్పుడు మళ్ళీ సోమవారమే ఇస్తామని చెప్పాలి."

ఆ మాటకు అందరి నవ్వూ చల్లారిపోయింది. ముఖాలు ఎంతగా వేలాడాయంటే, చుక్కల కళ్ళతో మామగారికి కూడా కనబడ్డాయి. "నేను బతికున్నందుకు ఇంతమంది ఇంత దిగులుపడటం ఇదే మొదటిసారి" అన్నారాయన.

మేనేజరమ్మ కళ్ళు చిట్లించింది. "ఆగండి. ఆఫీసులో మన బోర్డు మీద అన్నీ అయిపోయినట్టే ఉన్నాయిగా. గడువు పోతే మీకేం?"

పరీక్షలాయన నేల చూపులు చూశాడు. "ప్రోగ్రాం రాసేవాళ్ళకి రాయడం అయిపోయిందండీ. నాకేమో టైము అయిపోయింది. ఇద్దరం ఒకే గళ్ళో పెట్టాం."

"మరి వాడి చూసిందెవరు?"

ఇల్లాలు మర్యాదకని ప్లేట్లో తెచ్చిన కూర ముక్కను మేనేజరమ్మ కొరికింది. కరుక్కుమంది. ఉప్పు కూడా లేదు.

"మొదటి ముక్కండీ. చూసి చెప్పండి, సరిదిద్దుకుంటాం" అంది ఇల్లాలు, భర్త వైపు చూడకుండా.

"కావాలంటే ఆ రెండు వారాలూ నేను బయట కనబడనులే" అన్నారు మామగారు ఉదారంగా.

మేనేజరమ్మ వద్దని, అక్కడే నిలబడి ఫోన్ చేసింది. పెద్దాయన నిక్షేపంలా ఉన్నారనీ, పనే పూర్తి కాలేదనీ ఉన్నదున్నట్టు చెప్పింది. భర్త గరిటెను గుండెకు హత్తుకుని విన్నాడు. అవతలాయన పెద్దగా నవ్వాడు. "పోయినవాళ్ళ కోసం ఇచ్చిన గడువు బతికున్నవాళ్ళ కోసం ఇవ్వమా? ఉంచుకోండి. మా వైపు కంప్యూటర్లు తెచ్చేశామని మేమన్నదీ ఆ మాదిరే, అవింకా రానేలేదు."

"కొత్త జట్టు సంగతి రెండు వారాలయ్యాక చూద్దాం" అంది మేనేజరమ్మ ఫోన్ పెట్టేసి. "ముందా గడి పేరు మార్చండి."

అందరూ బయటి నుంచి తెప్పించిన భోజనం తిన్నారు. సాయంత్రం భర్త మూడో గడి కొట్టేసి "పూర్తయింది" అని రాశాడు. మరి సరుకులు లేకపోతే ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. అత్తగారు కళ్ళద్దాలు తగిలించుకుని ముందుకొచ్చారు. "ఇంట్లో వస్తువు లేదు, అయిపోయింది అనకూడదు. అశుభం" అని, నాలుగో గడి గీసి, గుండ్రటి అక్షరాలతో ఆవిడే పేరు రాశారు. భర్త అప్పటికే ఆఫీసు ఫోన్లో మునిగిపోయాడు.

సోమవారం పొద్దున భర్త నోట్లో బ్రష్‌తో ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు. గ్యాస్: నిండుకుంది. నిండా ఉందన్నమాట, ఇంక బెంగ లేదనుకుని, ఈల వేసుకుంటూ ఆఫీసుకు వెళ్ళిపోయాడు.