మూడు దగ్గులకు చక్కెర

ఆ రోజు పొద్దున హెడ్‌మిస్ట్రెస్‌గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి థెరపిస్టు వస్తుంది, వాళ్లాయన టీ పెడతారు, అది చూసి థెరపిస్టు సరేనంటుంది, సోమవారం నుంచి తను బడికి వెళ్తుంది.

ఆయన గడియారాల మెకానిక్. మూడు నెలల కింద పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ దారికొచ్చాయి, బుర్ర సంగతే తేలాలి. పని వరసగా చేయగలరా, తేడా వస్తే తనంతట తాను సర్దుకోగలరా అన్నది థెరపిస్టు వంటింట్లో నిలబడి చూస్తుంది. పాసైతే ఆయన ఇంట్లో ఒంటరిగా ఉండొచ్చు. తప్పితే అక్కగారింటికి మకాం మార్చాలి. ఆ అక్కగారు అరవయ్యేళ్ల తమ్ముడికి ఇప్పటికీ తనే తల దువ్వుతుంది.

ముప్ఫయ్యేళ్లుగా కాపీ కొట్టేవాళ్లను పట్టుకున్న హెడ్‌మిస్ట్రెస్‌గారు, అందుకే ఆ పొద్దున తనే కాపీకి దిగింది.

"ఏమండీ, నేను ఒకసారి దగ్గితే స్టవ్వు. రెండుసార్లు దగ్గితే పాలు. మూడుసార్లయితే చక్కెర. గుర్తుంటుందా?"

"టీ పెట్టడం నాకు వచ్చుగా!"

"వచ్చు. మధ్యలో ఎక్కడో ఆలోచనలో పడతారు. చెప్పింది చెయ్యండి."

థెరపిస్టు చెప్పిన టైముకే వచ్చి అట్టకు కాగితం తగిలించుకుంది. "బాబాయిగారూ, ముగ్గురికీ టీ పెట్టండి. మేడమ్, మీరు మాటసాయం కూడా చెయ్యకూడదు."

ఆయన గిన్నెలో నీళ్లు పోశారు. లైటర్ అందుకునే లోపే ఒక దగ్గు వినిపించింది. స్టవ్వు వెలిగింది. టీ పొడి వేశారు. రెండు దగ్గులు. పాలు పడ్డాయి.

"అయ్యో, గొంతు పట్టేసినట్టుంది" అంటూ థెరపిస్టు మంచినీళ్లిచ్చింది. దొరికిపోయాననుకుని హెడ్‌మిస్ట్రెస్‌గారు గబగబా తాగింది. గుటక అడ్డం తిరిగి పొలమారింది. అక్కణ్ణుంచి అసలు దగ్గు మొదలైంది.

"ఎవరో తలుచుకుంటున్నారు మేడమ్!"

ఆయన మాత్రం ఒళ్లంతా చెవులు చేసుకుని, మూడేసి దగ్గులకు ఒక చెంచా చొప్పున చక్కెర వేస్తూ పోయారు. తొమ్మిదో చెంచా దగ్గర థెరపిస్టు, 'చేసిందే మళ్లీ మళ్లీ చేస్తున్నారు, ఆపలేకపోతున్నారు' అని రాసుకుంది. తలకిందులుగా ఉన్న రాత చదవడం హెడ్‌మిస్ట్రెస్‌గారికి వృత్తిలో అబ్బిన విద్య. ఆవిడ దగ్గుతూనే వద్దు వద్దని రెండు చేతులూ ఊపింది. రెండంటే పాలు. ఆయన మిగిలిన పాలన్నీ గిన్నెలో గుమ్మరించి మంట పెంచారు.

గిన్నె బుస్సున పొంగింది. ఆవిడ ఇక ఆగలేక మసిగుడ్డతో గిన్నె మీదికి దూకింది. గుడ్డ కొసకు మంట అంటుకుంది. ఆవిడ కెవ్వున అరిచి గుడ్డను పాత పేపర్ల దొంతర మీద పడేసింది. థెరపిస్టు అట్టను గుండెలకు హత్తుకుని కొయ్యబారిపోయింది.

ఆయన ముందు స్టవ్వు ఆపారు. పట్కారుతో గుడ్డను ఎత్తి సింకులో వేసి కుళాయి తిప్పారు. అంటుకోబోతున్న పై పేపరు మీద చెంబుడు నీళ్లు పోశారు. కిటికీ తెరిచారు. భార్యను స్టూలు మీద కూర్చోబెట్టి చేతులు అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎక్కడైనా కాలిందా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. దగ్గు ఆగాక ఆయన వేరే గిన్నె కడిగి, కొత్త పాలప్యాకెట్టు కత్తిరించి, మళ్లీ టీ పెట్టారు. ముగ్గురి కప్పుల్లోనూ చక్కెర సరిగ్గా ఉంది.

థెరపిస్టు ఒక గుక్క తాగి అడిగింది. "మరి ఇందాక అన్ని చెంచాలు ఎందుకేశారు బాబాయిగారూ?"

"ఆవిడ దగ్గింది కదమ్మా."

దాంతో గుట్టంతా బయటపడింది. హెడ్‌మిస్ట్రెస్‌గారు, ఇన్నేళ్లుగా తన ముందు నిలబడ్డ పిల్లల్లాగే నేలచూపులు చూసింది.

"తప్పని తెలిసి కూడా వేశారా?" అంది థెరపిస్టు.

"తెలుసు. అది జబ్బు కాదమ్మా, సంసారం."

థెరపిస్టు ముందు రాసింది కొట్టేసి, నవ్వు ఆపుకుంటూ కొత్తగా రాసి, చదువుకోమని కాగితం ఆవిడ చేతికే ఇచ్చింది.

'ఈయనను ఇంట్లో నిశ్చింతగా ఒంటరిగా వదలవచ్చు. భార్య కూడా ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం ఎవరైనా ఒకరు తోడుండాలి.'