చాక్లెట్ బిస్కెట్ తిన్న ముగ్గురు

ఆ సోమవారం ఉదయం నెవిల్ రిమ్మర్ వేసిన పథకంలో లోపమేమీ లేదు. సోమ, మంగళ, బుధవారాల్లో ముగ్గురు బాయిలర్ పనివాళ్లు వచ్చి అంచనాలు చెబుతారు. గురువారం ఆలోచన. శుక్రవారం ఒకరికి ఫోన్. ముప్పై ఏడేళ్లు బస్సు నడిపి కిందటేడే రిటైరైన మనిషికి టైమ్ టేబుల్ వేయడం ఒకరు నేర్పాల్సిన విద్య కాదు.

వాళ్ల పాత బాయిలర్ శనివారం మూడుసార్లు దగ్గింది. నాలుగోసారి దగ్గలేదు. యార్క్‌షైర్‌లో నవంబరు నెల. మొగుడూ పెళ్లాలిద్దరూ వంటింట్లో కెటిల్ తరవాత కెటిల్ మరిగించుకుని, బకెట్లు మోసుకుంటూ మేడమీదికి వెళ్లి స్నానాలు చేస్తున్నారు.

"నువ్వు నిశ్చింతగా పనికి వెళ్లు. ముగ్గురినీ చూసి ఒకణ్ణి నేను తేలుస్తాను" అన్నాడు నెవిల్.

బడి వంటశాలలో పనిచేసే అతని భార్య బ్రెండా కోటు గుండీలు పెట్టుకుంటూ మెట్ల వైపు ఒక్కసారి చూసింది.

"నీ ఇష్టం" అంది.

మెట్ల పైన ఆమె చూసింది ఒక అలమారాని. అందులో రాగి ట్యాంకు ఉంది. కింద బాయిలర్ కాచిన నీళ్లు పైకెళ్లి ఆ ట్యాంకులో నిలవుంటాయి. దాని చుట్టూ చెక్క అరలు. నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో ప్రతి తువ్వాలూ, ప్రతి దుప్పటీ ఆ వెచ్చదనంలోంచే బయటికొచ్చాయి. కూతురు హీథర్ పుట్టిన చలికాలంలో చంటిదాని గుడ్డలన్నీ అక్కడే ఆరాయి. పిల్లి రెండుసార్లు అక్కడే ఈనింది. అలమారా తలుపు లోపలివైపు హీథర్ ఎత్తు గీతలున్నాయి, మూడో ఏటి నుంచి పదహారో ఏటి దాకా. బడి నుంచి తడిసి వచ్చిన పిల్ల తువ్వాళ్ల మధ్య దూరి కూర్చుంటే, తలుపు సందులోంచి రొట్టెముక్క అందించడం బ్రెండాకు నిన్నటి సంగతిలాగే ఉంది.

ఇప్పటి బాయిలర్లకు ట్యాంకు అక్కర్లేదు. కుళాయి తిప్పినప్పుడే నీళ్లు కాగుతాయి. ట్యాంకు పోతే వెచ్చదనం పోతుంది. వీధిలో అందరి అలమారాలూ ఇప్పుడు చీపుళ్లు పెట్టుకునే గూళ్లు. ఈ సంగతి ఆమె మొగుడితో అనలేదు. చలికి వణుకుతున్న మనిషితో తువ్వాళ్ల గోడు చెప్పుకోవడం ఆమెకు సిగ్గనిపించింది.

నెవిల్ కూడా ఒక మాట అనలేదు. ముప్పై ఏళ్ల కిందట అతను ఆ అలమారాలో దాచిన అల్లం బీరు సీసాలు ఒక ఆదివారం వరసగా పేలాయి. బ్రెండా రెండు రోజులు మాట్లాడలేదు. ఆ అలమారా అంటే ఆమెకు గిట్టదని అతను అప్పుడే తీర్మానించుకున్నాడు. అయినా ఏటా ఒక జాడీ ఎల్డర్‌బెర్రీ పళ్ల సారా అక్కడ పులియబెట్టేవాడు. రాత్రుళ్లు గోడ అవతల అది గుళుక్కుమంటుంటే అతనికి నిద్ర పట్టేది. పెళ్లాం సుఖం కోసం ఆ గుళుకు వదులుకోవాలని ఇప్పుడు గుండె రాయి చేసుకున్నాడు.

సోమవారం రాయ్ ఆగ్డెన్ వచ్చాడు. ఊరి బ్యాండులో అన్నిటికంటే పెద్ద బాకా ఊదే మనిషి, ద్వారం నిండా ఉన్నాడు. మంగళవారం క్లైవ్ బారక్లఫ్, మెరిసే కాగితాల పుస్తకంతో. బుధవారం డెస్మండ్ టోర్డాఫ్. నెత్తిమీదున్న కళ్లజోడు కోసం జేబులన్నీ వెతుక్కుని, దొరక్క, కొలతలు అందాజుగా ఒక కవరు వెనక రాసుకున్నాడు. ముగ్గురూ ట్యాంకు తట్టి, "ఇది తీసి పారేద్దాం" అన్నారు. ముగ్గురికీ నెవిల్ టీ ఇచ్చాడు. బిస్కెట్ల డబ్బా తెరిచి చాక్లెట్ బిస్కెట్లు పెట్టాడు.

అసలు ప్రమాదం ఇక్కడే జరిగింది.

ఆ ఊళ్లో అంచనాకు వచ్చినవాడికి ఉత్త బిస్కెట్ పెడతారు. పని ఇవ్వదలచుకున్నవాడికే చాక్లెట్ బిస్కెట్. ఇది ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ పైకి చెప్పరు. ఆ ఊరివాళ్లకు మాట ఇవ్వడమంటే మొహమాటం, అందుకని బిస్కెట్ ఇస్తారు. నెవిల్ కొండకు అవతల లాంకషైర్‌లో పుట్టినవాడు. పన్నెండు మైళ్ల దూరం. నలభై ఏళ్లుగా ఈ వీధిలో ఉంటున్నా అతన్ని ఇంకా ‘ఆ కొత్తాయన’ అనే అంటారు. బిస్కెట్ల వ్యవహారం ఎప్పుడూ బ్రెండాదే. పైగా టీలో ముంచుకోవడానికి అతనికి ఉత్తవే ఇష్టం. అవి తనకు మిగలాలని చాక్లెట్‌వి పంచేశాడు.

ముగ్గురూ గుమ్మం దాటుతూ "సోమవారం చూద్దాం మరి" అన్నారు. జవాబు కోసం వస్తారు కాబోలనుకుని నెవిల్ ముగ్గురితోనూ "చూద్దాం" అన్నాడు. శుక్రవారం వచ్చింది. ఒకరికి ఔనని చెప్పాలంటే ఇద్దరికి కాదని చెప్పాలి. అతను ఫోన్ దాకా వెళ్లి, వెనక్కొచ్చి, ఎవరికీ చెప్పకపోతే ఎవరూ రారు కదా అని ఉత్త బిస్కెట్ తిన్నాడు.

శనివారం బ్రెండా డబ్బా తెరిచింది. చాక్లెట్ బిస్కెట్లు లేవు. ఎవరికో పని ఖాయమైపోయిందన్నమాట. ఆమె మూత పెట్టి, మేడెక్కి, అలమారాలోని తువ్వాళ్లు ఒక్కొక్కటే తీసి మంచం మీద పేర్చడం మొదలుపెట్టింది. అది చూసిన నెవిల్, దీనికి ఎంత తొందరగా ఉందో అనుకుని, తన సారా జాడీని తనే చల్లటి సామాన్ల గదిలోకి మోసుకెళ్లాడు. ఆ రాత్రి గుళుకు వినపడలేదు. ఇద్దరికీ నిద్ర పట్టలేదు. ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు.

సోమవారం ఏడున్నరకు రాయ్ వచ్చాడు. నెవిల్ నోరు తెరిచేలోపే గొట్టం తగిలించి, ఇంట్లోని పైపుల నీళ్లన్నీ వీధిలోకి వదిలేశాడు. ఏడూ నలభైకి క్లైవ్. ఏడూ యాభైకి డెస్మండ్. ఇరుకు వీధిలో మూడు వ్యాన్లు నిలిచాయి. వాటి వెనక ఎనిమిది గంటల బస్సు ఆగింది. పొద్దున్నే కొట్టుకెళ్లి, అక్కణ్ణించే బడికి బయలుదేరిన బ్రెండా ఆ బస్సులో ఉంది.

"ఎవరింట్లోనో పెద్ద పనే పడ్డట్టుంది" అన్నాడు డ్రైవరు.

"మా ఇంట్లో" అని బ్రెండా దిగిపోయింది.

మేడమీద అలమారా ముందు ముగ్గురూ భుజాలు రాసుకుంటూ నిలబడి ఉన్నారు. రాయ్ చేతిలోని పానా అప్పటికే ట్యాంకు బిగింపును పట్టుకుంది.

"పని నాదిరా క్లైవూ. రెండు చాక్లెట్ బిస్కెట్లు తిన్నాను."

"నేనూ రెండు తిన్నాను."

"నేను నాలుగు. ఆయనే బతిమాలాడు" అన్నాడు డెస్మండ్.

బ్రెండా మొగుడి వైపు చూసింది. "ముగ్గురికీ పెట్టావా?"

"ఇంటికొచ్చినవాళ్లకి బిస్కెట్ పెట్టడం కూడా తప్పేనా?"

"లాంకషైర్ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు."

"ముందు ఈ ట్యాంకు సంగతి తేల్చండి, బ్రెండమ్మా. చెయ్యి పీకుతోంది" అన్నాడు రాయ్.

బ్రెండా తలుపు మీది గీతలు చూసింది. "తీసెయ్యండి. ఆయన ముచ్చట పడుతున్నాడుగా."

"నా ముచ్చటేమిటి? నీ ముచ్చట. శనివారమే ఖాళీ చేసి కూర్చున్నావు."

"నువ్వు చాక్లెట్ పెట్టావని చేశాను."

"నువ్వు ఖాళీ చేశావని నేను జాడీ దించాను. రెండు రాత్రులుగా దాని చప్పుడు వినక నాకు..." నెవిల్ ఆగిపోయాడు.

"నీకు ఈ అలమారా ఇష్టమా?" అంది బ్రెండా మెల్లగా.

"నీకు గిట్టదుగా."

"నేనెప్పుడన్నాను?"

"నువ్వెప్పుడేమన్నావు గనక?"

పానా దానంతటదే కిందికి దిగింది. క్లైవ్ గొంతు సవరించుకున్నాడు. "మంచి మాటే కాని, ఆలస్యమైంది. పాతది చచ్చింది. మేం తెచ్చినవన్నీ ట్యాంకు లేని రకాలే. ట్యాంకు రకం ఇప్పుడెవరు తెస్తారు?"

"నాది మాత్రం వాన వచ్చేలోపు లోపల పెట్టుకుంటాను" అంటూ డెస్మండ్ కిందికెళ్లి తన పెట్టెను ఒక్కొక్క మెట్టూ ఎక్కించాడు. రాయ్ దాని మీది చీటీ చదివాడు. మళ్లీ చదివాడు. ఆ తరవాత బాకాలాగే నవ్వాడు.

"ఒరేయ్ డెస్మండూ, ట్యాంకుతో నడిచే పాత రకం తెచ్చావేమిట్రా?"

డెస్మండ్ నెత్తిమీది కళ్లజోడు దించుకుని, కవరు తిప్పి చూసుకున్నాడు. "నంబరు తప్పు రాసుకున్నాను. క్షమించండమ్మా, మార్పించుకొస్తాను."

"ట్యాంకుతో నడిచేదంటే?" అంది బ్రెండా.

"ట్యాంకు ఉండి తీరాలమ్మా. లేకపోతే నడవదు."

"ఆ పెట్టె అక్కడ పెట్టు" అంది బ్రెండా. "ఇంకొక్క అంగుళం కదిలించావంటే ఊరుకోను."

మిగతా ఇద్దరినీ ఉత్త చేతులతో పంపడానికి ఆమెకు మనసొప్పలేదు. పంపినా వాళ్లు వెళ్లేలా లేరు. డెస్మండ్ ఒక్కణ్ణే వదిలితే పైపులు తలకిందులుగా కలుపుతాడని ఇద్దరికీ గట్టి నమ్మకం. రాయ్ పాతదాన్ని ఎత్తి వ్యాన్‌లో పడేశాడు. క్లైవ్ కొలతలు మళ్లీ తీశాడు. డెస్మండ్ బిగించాడు. సాయంత్రం నాలుగింటికి బ్రెండా రాగి మీద చెయ్యి పెట్టి చూసింది. కాసేపు చెయ్యి తియ్యలేదు. తువ్వాళ్లు ఒక్కొక్కటే అరల్లోకి చేరాయి. అన్నిటికంటే కింది అరలోకి, ఎవరూ చెప్పకుండానే, ఆమె జాడీ మోసుకొచ్చి పెట్టింది.

ఆ రాత్రి గోడ అవతల రెండుసార్లు గుళుక్కుమంది. మూడోసారి వినడానికి ఇద్దరూ మెలకువగా లేరు.

మరుసటి వారం పైకప్పు పెంకులు చూడటానికి ఒకాయన వచ్చాడు. నెవిల్ అతనికి గ్లాసుడు మంచినీళ్లిచ్చి, బిస్కెట్ల డబ్బా చంకలో పెట్టుకుని, తాగేదాకా పక్కనే నిలబడ్డాడు.