పరుపుల చాటు రెండో చరణం

ఆదివారం కదా, కాస్త ఆలస్యంగా లేచి, తీరిగ్గా తలస్నానం చేసి, సాయంత్రం క్లబ్బులో పాడాల్సిన పాటను నాలుగుసార్లు అనుకుందామని అక్క రాత్రే నిశ్చయించుకుంది. తీరా తెల్లారేసరికి నడుం కింద పరుపు కదులుతోంది. కళ్ళు తెరిస్తే, శ్రీవారు పరుపు రెండు మూలలూ పట్టుకుని లాగుతున్నారు.

"కాస్త అటు దొర్లుతావా?"

"పొద్దున్నే ఇదేమిటండీ! పరుపెందుకు?"

"నీ గొంతు కోసం" అన్నారాయన. పరుపు గుమ్మం దాటింది. అక్క ఒట్టి చెక్కల మీద మిగిలింది.

గిటారు వాయించే తమ్ముడు అలా పిలుస్తాడు కాబట్టి క్లబ్బంతా ఆమెను అక్క అనే అంటుంది. శ్రీవారు డ్రమ్స్ వాయిస్తారు. వాయిస్తారనడం మర్యాద, నిజానికి బాదుతారు. ఈ ముగ్గురే బ్యాండు. కిందటి నెల క్లబ్బు సెక్రటరీ మొహమాటపడుతూనే తేల్చేశాడు. "ట్యూను బాగుంటోందమ్మా, మాట ఒక్కటీ అర్థం కావడం లేదు. ఈసారి కూడా ఇంతే అయితే ఇక రికార్డులు పెట్టుకుంటాం." అక్క ఏడవలేదు, అలగలేదు. "ఈసారి కూడా వినపడకపోతే పాట మానేస్తాను" అంది, అంతే. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె గొంతు పెంచకుండా చేసిన బెదిరింపు ఇదొక్కటే కావడంతో శ్రీవారికి నిద్ర పట్టడం మానేసింది.

"కొత్త సౌండ్ సిస్టం కొనే తాహతు మనకి లేదు. పరుపులున్నాయి" అని ఆయన కాఫీ తాగుతూ వివరించారు. "హాలు నిండా నున్నటి టైల్సు. నా చప్పుడు గోడలకి తగిలి మళ్ళీ వచ్చి నీ గొంతు మీద పడుతోంది. నా చుట్టూ పరుపులు నిలబెడితే సరి."

"మెల్లగా వాయిస్తే సరిపోదా?"

"అది నా వల్ల కాదు" అన్నారు నిజాయితీగా.

ఇంట్లో ఉన్నవి చాలక ఆయన పైవాటా పిన్నిగారి తలుపు తట్టారు. మెట్ల మీద ఆయాసపడుతూ, "మా ఆవిడ గొంతు కోసం పిన్నిగారూ, ఒక్క పరుపు ఇప్పించండి" అన్నారు. గొంతుకూ పరుపుకూ సంబంధమేమిటో పిన్నిగారికి బోధపడలేదు. పిల్ల పాపం మంచం పట్టిందని మాత్రం అర్థమైంది. పరుపుతోపాటు దిండూ, ఫ్లాస్కుడు వేడినీళ్ళూ ఇచ్చి, వెంటనే సెక్రటరీకి ఫోన్ చేసి, "గొంతు బొత్తిగా పోయిందిట. అయినా పాడతానంటోందిట, మొండిది" అని కళ్ళు తుడుచుకుంది.

ఇక్కడ ఒక గుట్టు చెప్పక తప్పదు. ఎలాగూ ఎవరికీ వినపడదని తెలిశాక, అక్క రెండో చరణం వచ్చేసరికి పాటలోని మాటలు వదిలేసి మనసులోవి పాడుకునేది. రాగం చెడేది కాదు, తాళం తప్పేది కాదు. లోపల ఉండేవన్నీ శ్రీవారి మీద ఫిర్యాదులే. ఇంట్లో "మీరు" అనే మనిషి చరణంలో ధారాళంగా "నువ్వు"లోకి దిగిపోయేది. స్టేజీ దిగేసరికి ప్రాణం తేలికపడేది. అయితే ఈసారి బుద్ధిగా అసలు మాటలే పాడాలని రెండో చరణం కంఠతా పట్టింది.

సాయంత్రం హాల్లో తమ్ముడు స్పీకర్లు జరుపుతూ కనిపించాడు. "ఇవి నీ వెనక ఉండటం వల్లేనక్కా, నీ గొంతు మళ్ళీ మైకులో దూరి కీమని కూస్తోంది. ముందుకు, జనం వైపు పెట్టేశాను. మైకు పెదాలకి ఆనించుకుని పాడు."

"మరి నాకెలా వినపడుతుందిరా?"

"నీకెందుకక్కా? జనానికి కదా వినపడాల్సింది!"

ఆమె వెళ్ళి శ్రీవారి చుట్టూ చివరి పరుపు నిలబెట్టడానికి సాయం పట్టింది. సరిగ్గా అప్పుడే సెక్రటరీ మైకు అందుకుని, "మన అక్కగారికి గొంతు బాగా లేదు. దయచేసి ఊపిరి బిగబట్టి వినండి" అని ప్రకటించాడు. పరుపుల వెనక ఉన్న ఆమెకు అందులో ఒక్క ముక్కా చేరలేదు. తమ్ముడు మాత్రం కంగారుపడి గిటారు సగానికి తగ్గించాడు.

పల్లవి అయింది, మొదటి చరణం అయింది. అక్కకు తన గొంతు తనకే వినపడలేదు. ఎదురుగా చూస్తే ఎప్పుడూ కబుర్లాడుకునే జనం నోళ్ళు మూసుకుని, జాలిగా, చెవులు ముందుకు పెట్టి కూర్చున్నారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటోంది కూడా. ఏమీ వినపడక తనను చూసి జాలిపడుతున్నారనుకుంది. అయిపోయింది, ఇదే ఆఖరి పాట. కంఠతా పట్టిన మాటలు ఎవరికోసం? రెండో చరణం అలవాటైన దారినే పట్టింది.

"పరుపు లాక్కెళ్ళిన మారాజా, రాత్రికి నేనెక్కడ పడుకోను?
కుళాయి కారి ఏడాదైంది, రేపన్న రేపు ఏ రోజు?
గురక నీదే, నిద్ర చాల్లేదని గోలా నీదే..."

ముందు వరస భుజాలు కదిలాయి. అక్క కళ్ళు మూసుకుంది.

"ఒక్కసారి ఒక్కరికైనా వినపడితే చాలనుకున్నా... వినపడలేదు, ఇక సెలవు."

"వినపడుతోందమ్మా!" వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. "ప్రతి ముక్కా వినపడుతోంది!"

"నా పరుపు కూడా అక్కడే ఉందే తల్లీ!" అని పిన్నిగారు అరిచింది.

అక్క కళ్ళు తెరిచింది. ఒక్క క్షణం భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. మరుక్షణం వినపడిందన్న సంగతి తలకెక్కింది. వెనక గోడదాకా వినపడింది! హాలంతా నవ్వుతూ, చప్పట్లు కొడుతూ లేచింది. ఆ హోరు తగ్గేదాకా ఆగి, కంఠతా పట్టిన అసలు చరణాన్ని కూడా నిలకడగా పాడింది. అదీ వినపడింది.

పాట ముగిశాక కూడా ఎక్కడో దబదబమని శబ్దం ఆగలేదు. "ఎవరో తలుపు బాదుతున్నారు, చూడండయ్యా" అన్నాడు పెద్దాయన. తమ్ముడు వెళ్ళి ఒక పరుపు పక్కకు లాగాడు. చెమటలో మునిగిన శ్రీవారు కర్రలతో సహా ప్రత్యక్షమయ్యారు. జనం రెట్టింపు చప్పట్లు కొట్టారు. ఆయన వినయంగా తల వంచి నమస్కరించారు.

"చూశావా? పరుపులే!" అన్నారు భార్యతో.

సెక్రటరీ పరుగున వచ్చాడు. "ఇక ప్రతి నెలా మీరే! రెండో చరణం మాత్రం మార్చకండి."

"రెండో చరణంలో ఏముంది?" అని శ్రీవారు అడిగారు. తమ్ముడు గిటారు తీగలు చూసుకోసాగాడు. అక్క పమిటతో ఆయన నుదురు తుడిచింది.

"ఇంటి విషయాలేనండీ."

"లోపల నాకొక్క ముక్క వినపడలేదు. వచ్చే నెల చిన్న సందు వదులుకుని నీ పాట వింటాను."

"వద్దండీ, ఇంకో రెండు పరుపులు నేనే అడిగి తెస్తాను."

శ్రీవారి డ్రమ్స్ విషయంలో అక్క అంత శ్రద్ధ చూపించడం అదే మొదటిసారి.