అందరూ మనవాళ్ళే!

దేశానికి ఒక విదేశాంగ విధానం ఉండాలని వాదించేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. ఒకటేమిటండీ, ఒకటి! ఎదుగుతున్న దేశానికి పూటకొకటి ఉండాలి.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. విదేశాంగ శాఖలో జెండాల గదికి ఇరవై రెండేళ్ళుగా నేనే ఇన్‌ఛార్జిని. మంత్రులు ఏడుగురు మారారు, ఇస్త్రీపెట్టెలు నాలుగు మారాయి, నేను మాత్రం కదల్లేదు. ప్రపంచ రాజకీయాలను నాకంటే దగ్గరగా చూసినవాడెవడు?

నేను చేరిన కొత్తలో పని మహా చప్పగా ఉండేది. ఒక పెద్ద దేశం మనకు మిత్రుడు, ఇంకో పెద్ద దేశం కాదు. మిత్రుడి జెండా బల్లమీద, రెండోవాడిది బీరువాలో. ఏళ్ళ తరబడి అంతే! అదీ ఒక విధానమేనా?

ఇప్పుడు చూడండి! ఉదయం పదింటికి ఒక దేశం వాళ్ళొస్తారు. పదకొండింటికి వాళ్ళతో యుద్ధం చేస్తున్న దేశం వాళ్ళొస్తారు. మధ్యలో దొరికే పది నిమిషాల్లో జెండా, గోడమీది ఫొటో, సోఫా కవర్లు అన్నీ మార్చేస్తాను. మొదటివాళ్ళు ముందు తలుపులోంచి వెళుతుంటే రెండోవాళ్ళు పక్క తలుపులోంచి వస్తారు. మంత్రిగారు కుర్చీలోంచి లేవనక్కర్లేదు. ఎంత టైము ఆదా!

ఒకసారి జెండా మార్చడం మరిచిపోయాను. దాపరికమెందుకు? పాపం, రెండోసారి వచ్చిన దేశం రాయబారి ముప్పావుగంట తన శత్రువు జెండా పక్కనే కూర్చున్నాడు. నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఏమీ కాలేదు! మంత్రిగారు అంతకుముందు ఆ శత్రువుకు చదివిన ప్రసంగమే మళ్ళీ చదివారు. రాయబారి పొంగిపోయి చప్పట్లు కొట్టి మరీ వెళ్ళాడు.

పోయిన నెలలో ఈ విధానం అవసరం మా ఇంట్లోనే పడింది. మా బావ సరుకుల ఓడలో వంటవాడు. యుద్ధం చేసుకుంటున్న ఆ రెండు దేశాల మధ్య సముద్రంలో ఓడ ఇరుక్కుపోయింది. ముందుకెళితే ఒకరు కాలుస్తామంటారు, వెనక్కి తిరిగితే ఇంకొకరు. అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది.

“ఏడుస్తావెందుకక్కా? ఇద్దరూ మనవాళ్ళే!” అన్నాను.

మంత్రిగారి పీఏని బతిమాలి రెండు దేశాలకూ ఫోన్ చేయించాను. ఎంత ఆప్యాయతండీ! మొదటివాళ్ళు, “వాళ్ళు కూడా మీకు కావలసినవాళ్ళే కదా, వాళ్ళనే అడగండి” అన్నారు. రెండోవాళ్ళు మొదటివాళ్ళను అడగమన్నారు. పైగా బావ ఆరోగ్యం బాగుండాలని కోరుకుంటూ ఒకరు పూలగుత్తి కూడా పంపారు. మిగతా మిత్రదేశాలు కూడా ఏం తక్కువ తినలేదు, అందరూ సానుభూతి తెలిపారు.

ఓడ మాత్రం కదల్లేదు. నలభై రోజులైంది. సరుకులు నిండుకుంటున్నాయనీ, ఒక్క పూటే వండుతున్నాననీ బావ మెసేజ్ పెట్టాడు. పదిమందికీ కడుపునిండా పెట్టే మనిషి అలా రాస్తే నిజంగానే నాకు భయమేసింది.

నిన్న అక్క తిన్నగా జెండాల గదికే వచ్చేసింది. ఇస్త్రీ చేసి, మడతపెట్టి అరల్లో సర్దిన జెండాలన్నీ కలయజూసింది.

“ఇవన్నీ మన మిత్రులవేనట్రా?”

“అన్నీ మిత్రులవే అక్కా!” అన్నాను గర్వంగా.

“మనకి శత్రువంటూ ఒక్కడైనా లేడా తమ్ముడూ? పోనీ, వాడి కాళ్ళైనా పట్టుకుందాం.”

జాబితా మొత్తం రెండుసార్లు తిరగేశాను. ఒక్కడంటే ఒక్కడు దొరకలేదు!