ఇరుక్కున్న గిన్నె

చాలా ఏళ్ళుగా నన్నొక సందేహం వదలడం లేదు. ఒకరి వస్తువు తిరిగి ఇచ్చెయ్యాలని మనసారా అనుకుంటూనే ఇవ్వలేకపోయినవాణ్ణి దేవుడు ఏ వరసలో నిలబెడతాడు? ఎగ్గొట్టినవాళ్ళ వరసలోనా, ఇచ్చినవాళ్ళ వరసలోనా? దణ్ణం పెట్టుకున్నప్పుడల్లా ఆయన్నే అడుగుతున్నాను. ఇంతవరకూ తేల్చలేదు. అందుకే మాస్టారి సంగతి చెబుతాను, మీరైనా తేల్చండి.

మాస్టారంటే బడిపంతులు కాదు. విద్యుత్ కేంద్రంలో బాయిలర్ ఆపరేటరు. వేడి, పీడనం, లోహాల గుణాల మీద తోటి ఆపరేటర్లకు అప్పుడప్పుడూ పాఠం చెబుతాడు కాబట్టి ఆ పేరు పడింది. ఆ ముసురు పట్టిన ఉదయం కూడా ఆయన ఆలోచన మామూలుదే. టిఫిను తిని, బస్సెక్కి, పాఠం చెప్పి, ఇంటికి రావడం.

"ఏమండీ, అక్కయ్యగారు సాయంత్రం వెళ్ళిపోతున్నారు," అంటూ భార్య ఒక గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది.

సరిగ్గా చెప్పాలంటే రెండు గిన్నెలు. బయటిది స్టీలుది, పక్కింటి అక్కయ్యగారిది. లోపలిది అల్యూమినియంది, వీళ్ళది. ఎప్పుడో వీళ్ళ పాపకు జ్వరం వచ్చిన రోజున అక్కయ్యగారి భర్త ఆ స్టీలు గిన్నెలో పాలు తెచ్చిచ్చాడు. కడిగి, చోటు కలిసొస్తుందని ఇల్లాలు తమ గిన్నెను అందులో పెట్టింది. అంతే, ఇరుక్కుపోయింది. రేపు విడదీసి ఇచ్చేద్దామనుకున్నారు. ఆ రేపు ఏళ్ళ తరబడి రాలేదు. పాప పెద్దదై పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది గానీ గిన్నె మాత్రం కదల్లేదు.

అక్కయ్యగారి భర్త అదే కేంద్రంలో టర్బైను దగ్గర పనిచేసేవాడు. ఆ గిన్నెలో తింటేనే ఆయనకు తిన్నట్టుండేదట. మొన్నటి వానాకాలంలో ఆయన పోయాడు. ఇప్పుడావిడ ఇల్లు ఖాళీ చేసి తమ్ముడి దగ్గరకు వెళ్ళిపోతోంది.

"కొత్తది కొనిచ్చేద్దామే," అన్నాడు మాస్టారు.

"ఆ మనిషి తిన్న గిన్నెకి బదులు బజారు గిన్నె ఇస్తారా? ఊరందరికీ లోహాల పాఠాలు చెబుతారు, ఇంట్లో ఒక్క గిన్నె ఊడదీయలేరు!"

మాట గట్టిగానే తగిలింది. మాస్టారు లేచి నీళ్ళు మరిగించాడు. "వేడికి లోహం వ్యాకోచిస్తుంది. బయటి గిన్నె సాగుతుంది, లోపలిది ఊడొస్తుంది. చూడు," అని సలసల కాగే నీళ్ళు పోశాడు. ఇద్దరూ చెరో పక్క పట్టుకుని లాగారు. గిన్నె మునుపటికంటే బిగిసింది.

"ఏమైందండీ?"

"స్టీలుకన్నా అల్యూమినియం ఎక్కువ సాగుతుంది. లోపలిది సాగి బయటిదాన్ని నొక్కేసింది," అన్నాడు మాస్టారు నీరసంగా.

"అది నీళ్ళు పొయ్యకముందు గుర్తురాలేదా?"

అంతలో బస్సు హారను వినబడింది. "లోపల ఐసు, బయట వేడి. అప్పుడు తప్పక వస్తుంది. ప్లాంటులో చేస్తాను," అంటూ గిన్నెను సంచిలో వేసుకున్నాడు. రాత్రే భార్య జారుడుకని సందులో సబ్బునీళ్ళు పోసిందనీ, అవి మెల్లగా ఇంకి రెండు గిన్నెల మధ్య అడుగుకు చేరాయనీ ఆయనకు తెలియదు. ఆవిడా చెప్పలేదు. అప్పటికే ఆయనతో మాట్లాడే ఓపిక లేదు.

పాఠాల గదిలో ఆపరేటర్లు నిద్రమొహాలతో కూర్చున్నారు. మాస్టారు టీ కాచుకునే కరెంటు పొయ్యి తెప్పించి, దాని మీద గిన్నె పెట్టి స్విచ్చి వేశాడు. ఐసు కోసం ఒకణ్ణి క్యాంటీనుకు పంపాడు. క్యాంటీనువాడు, "ఐసు ఎందుకు? ఎవరికి దెబ్బ తగిలింది?" అన్నాడు. వెళ్ళినవాడు, "మాస్టారి గిన్నెకి," అన్నాడు. వేళాకోళమనుకుని క్యాంటీనువాడికి కోపం వచ్చింది. ఆ గొడవ అక్కడే సాగింది. ఐసు రాలేదు. పొయ్యి మాత్రం ఎర్రబడింది.

కాసేపటికి గిన్నె అంచు దగ్గర సన్నగా 'స్‌స్‌స్' అని మొదలైంది.

"మాస్టారూ, మూసుకున్న చోట నీళ్ళు వేడెక్కితే దేవుణ్ణి తల్చుకోమని మీరే చెప్పారు కదండీ?" అన్నాడు వెనక బెంచీలోని ఫిట్టరు.

"ఇందులో నీళ్ళెక్కడివయ్యా?"

"మరి ఆ చప్పుడేంటండీ?"

ఆ చప్పుడు వరండాలో వెళ్తున్న, ప్లాంటు భద్రత చూసే సేఫ్టీ బాబాయి చెవిన కూడా పడింది. భోజనం చేసేటప్పుడు కూడా హెల్మెట్ తియ్యని మనిషి ఆయన. ఆవిరి లీకు చప్పుడు నిద్రలో విన్నా గుర్తుపడతానని గొప్ప. "స్టీమ్ లీకు! అందరూ బయటికి!" అని కేకేసి కంట్రోల్ రూముకు ఫోను చేశాడు.

"ఏ లైను?" అని అడిగారు అవతల.

"పాఠాల గది లైను!"

"అక్కడ స్టీమ్ లైనే లేదు కదా?"

"లేని లైనే లీకవుతోందండీ!"

ఇది మరీ భయపెట్టింది. డ్రాయింగుల్లో లేని పైపు, అందులో ఆవిరి! సైరను మోగింది. జనం వానలో తడుస్తూ మైదానంలోకి పరుగులు తీశారు. కేంద్రానికి పెద్దయిన చీఫుగారు గొడుగు కూడా లేకుండా పాఠాల గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"పొయ్యి ఆపండయ్యా!" అని మాస్టారు గొంతు చించుకుంటున్నాడు. స్విచ్చి గిన్నె పక్కనే ఉంది. దాని దగ్గరకు ఎవరూ పోలేదు, ఆయనతో సహా.

ఢామ్మని పేలింది. అల్యూమినియం గిన్నె గది పైకప్పుకు తగిలి, సొట్టపడి, దొర్లుకుంటూ వెళ్ళి చీఫుగారి బూటు దగ్గర ఆగింది. స్టీలు గిన్నె పొయ్యి మీద చెక్కుచెదరకుండా ఉంది. ఇన్నేళ్ళుగా మాస్టారు ఏ ఆవిరికి భయపడమని చెబుతూ వచ్చాడో ఆ ఆవిరే ఆయన పని చేసిపెట్టింది. పుణ్యం ఆయన ఖాతాలో పడుతుందో, సబ్బునీళ్ళ ఖాతాలో పడుతుందో నాకు తెలియదు.

"ఏ లైనయ్యా ఇది?" అన్నాడు చీఫుగారు.

"మా ఇంటిదండీ," అన్నాడు మాస్టారు.

ఇకమీదట ఆయన పాఠం చెప్పనక్కర్లేదన్నారు. వచ్చే తరగతిలో ముందు బెంచీలో కూర్చుని వినాలన్నారు. చెప్పేది సేఫ్టీ బాబాయి.

సాయంత్రం ఇల్లు చేరేసరికి పక్కింటి ముందు వ్యాను ఆగి ఉంది. మొగుడూ పెళ్ళాలిద్దరూ గిన్నె పట్టుకుని తప్పు చేసినవాళ్ళలా గుమ్మంలో నిలబడ్డారు.

"అక్కయ్యగారూ, మీ గిన్నె..."

ఆవిడ అందుకుని చీర చెంగుతో తుడిచింది.

"ఇది మీ ఇంట్లో ఉందా! ప్లాంటులో ఎక్కడో పారేసుకొచ్చారని ఎన్నేళ్ళు ఆయన్ని సాధించానో. ఒక్కనాడూ కాదనలేదమ్మా. 'పోతే పోనీలేవే' అనేవారు."

ఇల్లాలు మొగుడి వంక చూసింది. ఆ పెద్దమనిషి ఎన్నోసార్లు వాళ్ళింటికి టీకి వచ్చాడు. గిన్నె ఉన్న అలమరకు ఎదురుగానే కూర్చునేవాడు. ఇరుక్కున్న గిన్నెను చూసి నవ్వుకునేవాడే తప్ప ఏమీ అనేవాడు కాదు. మాస్టారు తల దించుకున్నాడు. బయట వాన ఇంకా పడుతూనే ఉంది.

"పోన్లే, ఇప్పటికైనా వచ్చింది," అని అక్కయ్యగారు కళ్ళు తుడుచుకుని సామాన్ల పెట్టె దగ్గరకు నడిచింది. చోటు చాలడం లేదు. స్టీలు గిన్నెను తన ఇత్తడి గిన్నెలో పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కింది. 'టక్' మంది.

మాస్టారు నోరు తెరిచాడు. భార్య ఆయన కాలు తొక్కింది.

ఈసారి ఇరుక్కున్న రెండు గిన్నెలూ అక్కయ్యగారివే.